సర్పంచును మేయర్ చేసిన కాగితం

మా మేనల్లుడి కూతురు శిరీష ఈమధ్య ఒక అనువాదాల కంపెనీలో చేరింది. "తాతయ్యా, మీరు జీవితమంతా ఈ పనే చేశారు కదా, నాకు పనికొచ్చేవి నాలుగు రాసి పంపండి" అని ఫోన్‌లో అడిగింది. నాలుగు మంచి మాటలు చెబుదామనే కూర్చున్నాను. రెండు పేజీలు రాసి చించేశాను. నిఘంటువు ఎలా చూడాలో, వాక్యం ఎలా కుదించాలో ఆ పిల్లకి నాకంటే బాగా తెలుసు. తెలియనిది ఒకటుంది. ఒక్క అక్షరం తప్పు లేని ఇంగ్లీషులో ఎంత పెద్ద తప్పు చెయ్యొచ్చో తెలియదు. అదే రాస్తున్నాను.

నేను టైపు చేసిన ఒక కాగితం వల్ల ఒక ఆడమనిషి తన భర్త మొహం ఆఖరిసారి చూసుకోలేకపోయింది. చివర్లో చెప్పి నీ చేత అయ్యో అనిపించడం నాకిష్టం లేదు, అందుకే ముందే చెప్పేస్తున్నాను. మిగతాదంతా అదెలా జరిగిందన్నదే.

పని అంటే ఏమిటి

కాకినాడలో ఒక ప్లీడరు గారి దగ్గర పదేళ్లు టైపు కొట్టి, తర్వాత బహ్రెయిన్ వెళ్లాను. మనామాలో ఒక పాత మేడ మొదటి అంతస్తులో మా అనువాదాల ఆఫీసు. రెండు గదులు, మూడు టైపురైటర్లు, ఒక ఫ్యాక్సు. యజమాని ఉస్తాద్ యూసుఫ్ అక్కడివాడే, బళ్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తెలుగు, హిందీ కాగితాలు నేను ఇంగ్లీషులోకి మార్చేవాణ్ణి. నా ఇంగ్లీషు చూసి ఆయన అరబ్బీ చేసేవాడు. నా కాపీ కింద నా పేరు, గుండ్రటి ముద్ర. ఆయన కాపీ కింద ఆయనది.

ఉస్తాద్ కోపిష్టి. కామా తప్పుగా పడితే కాగితం నా ఒళ్లోకి విసిరేసేవాడు. ఒకసారి ఒక మనిషి ఇంటిపేరులో అక్షరం ఎగిరిపోయిందని ఒకే పేజీ పదకొండుసార్లు కొట్టించాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది తక్కువేమీ కాదు. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన స్పెల్లింగు దగ్గరే ఆగిపోయిన గురువు. కాగితంలో ఉన్న మాట నిజమా అని ఏనాడూ అడగలేదు. నేనూ అడగలేదు. మన పని అది కాదనుకునేవాళ్లం.

అనువాదమంటే భాష మార్చడమని అందరూ అనుకుంటారు. ఆఫీసు కాగితాల్లో అది సగం పనే. కౌంటరు అవతల కూర్చున్న గుమాస్తా చూసేది ఒక్కటి: ఇది రాసినవాడు ఎవడు, ఈ మాట చెప్పే అధికారం వాడికుందా. మన ఊళ్ల నుంచి వచ్చే కాగితాల మీద సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, వీఏవో, ఎమ్మార్వో, ఎప్పుడో రద్దయిపోయిన పట్వారీ, అందరి ముద్రలూ ఉండేవి. వీళ్లలో ఎవరు ఏం చెప్పొచ్చో ఆ గుమాస్తాకి తెలియదు. నేను ఇంగ్లీషులో ఏం పేరు పెడితే అదే వాళ్ల హోదా.

అందుకని నేను ప్రమోషన్లు ఇచ్చేవాణ్ణి. ముప్పై గడపల పంచాయతీని మునిసిపాలిటీ చేశాను. దాని కార్యదర్శిని మునిసిపల్ కమిషనర్ చేశాను. మన ప్రభుత్వం కూడా అన్ని ప్రమోషన్లు ఇచ్చి ఉండదు. కాగితాలు చకచకా పాసయ్యేవి. "రత్నం గారి చెయ్యి పడితే కాగితం తిరిగి రాదు" అని మన కూలీలుండే క్యాంపుల్లో పేరొచ్చింది. ఆ పేరు నాకు ముద్దుగా ఉండేది. ఉండేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

రోల్ఫ్ నేర్పిన పద్ధతి

తొంభైల మధ్యలో రోల్ఫ్ అనే నార్వే దేశస్థుడు మా మెట్లెక్కాడు. మీనా సల్మాన్ రేవులో ఓడల మరమ్మతు షెడ్డులో సూపర్‌వైజరు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, చేతులకి ఎప్పుడూ గ్రీజు. ఒక ఫిలిప్పీన్స్ నర్సమ్మని పెళ్లి చేసుకోబోతున్నాడు. తనకి ఇదివరకు పెళ్లి కాలేదని సొంత ఊరి నుంచి కాగితాలు తెప్పించుకున్నాడు. అవి నార్వే భాషలో ఉన్నాయి. ఆ భాష నాకు ముక్క రాదు. ఆయన ఇంగ్లీషులో వివరిస్తుంటే నేను తగిన మాట వెతికి రాయడం, దాన్ని ఉస్తాద్ అరబ్బీ చెయ్యడం, ఇదీ ఏర్పాటు.

రెండు రోజుల పని అనుకున్నాను. పన్నెండు సాయంత్రాలు పట్టింది.

వాళ్ల స్థానిక ప్రభుత్వాన్ని 'కొమ్యూనె' అంటారు. దాన్ని మునిసిపాలిటీ అనడానికి ఆయన అరగంట వాదించి ఒప్పుకున్నాడు. తర్వాత 'ఊర్డ్‌ఫోరర్' అనే పదవి వచ్చింది. ఊరి సభకి పెద్ద. నా అలవాటు ప్రకారం మేయర్ అని టైపు కొట్టేశాను. రోల్ఫ్ కాగితం బయటికి లాగేశాడు.

"నిఘంటువులో మేయర్ అనే ఉంది" అన్నాను.

"ఉంటుంది. కానీ ఇక్కడి గుమాస్తా మేయర్ అని చదివితే ఏమనుకుంటాడు?"

"పెద్ద అధికారి అనుకుంటాడు. మీకు మంచిదేగా."

"మా ఊర్డ్‌ఫోరర్ బళ్లో లెక్కలు చెబుతాడు. జనం ఓట్లేస్తే సభకి పెద్దయ్యాడు. సభ నడుపుతాడు. ఆఫీసు నడిపేవాడు వేరే, అతన్ని రోడ్‌మన్ అంటాం. ఎవరికి పెళ్లయింది, ఎవరికి కాలేదు అన్నది వీళ్లిద్దరి చేతుల్లోనూ లేదు. దానికి జనాభా రిజిస్టరు ఉంది, అది చూసేవాళ్లున్నారు. నాకు పెళ్లి కాలేదని లెక్కల మేష్టారు ఎలా చెబుతాడు?"

"అయితే అచ్చం మా సర్పంచే" అన్నాను నేను.

ఈ మాట నేనే అన్నాను. గుర్తుపెట్టుకో అమ్మా శిరీషా, తాతయ్య తన నోటితోనే అన్నాడు.

రోల్ఫ్ పద్ధతి చాలా తేలిక. పదవి పేరు వాళ్ల భాషలో ఎలా ఉందో అలాగే ఉంచు. పక్కన ఒక వాక్యం రాయి: ఈ మనిషి ఏం చెయ్యగలడు, ఏం చెయ్యలేడు. హెచ్చించకు, తగ్గించకు. అలా మేమిద్దరం ఒక పట్టిక తయారుచేశాం. గుమాస్తా రెండుసార్లు తిప్పి పంపాడు. ఈ వివరణల గోల ఏమిటన్నాడు. రోల్ఫ్ రెండుసార్లూ టోపీ పెట్టుకుని వెళ్లి ఓపిగ్గా మళ్లీ చెప్పాడు. మూడోసారి తీసుకున్నారు. పెళ్లయింది, నాకూ ఉస్తాద్‌కీ చెరొక కేకు డబ్బా ఇచ్చాడు.

ఆ పద్ధతిని ఒక అట్టముక్క మీద రాసి, నా టైపురైటరు పైన గోడకి అంటించుకున్నాను. తర్వాత జరిగిందంతా దాని కింద కూర్చునే చేశాను.

బుధవారం

అప్పట్లో అక్కడ ఆఫీసులకి గురు, శుక్రవారాలు సెలవు. బుధవారం మధ్యాహ్నం దాటిందంటే మళ్లీ శనివారమే. ఒక బుధవారం పొద్దున పదకొండింటికి మల్లేశం పరుగున వచ్చాడు. తుబ్లీ క్యాంపులో ఉండే తాపీమేస్త్రి, కరీంనగర్ వైపు మనిషి. అంతకుముందు రెండు మూడు కాగితాలు చేయించుకుని వెళ్లాడు. చేతిలో ఒక ఫ్యాక్సు, నీడ పడినట్టు నల్లగా ఉంది.

"సారు, గీ కాయితం జర జల్ది ఇంగ్లీషుల రాసియ్యుండ్రి. పన్నెండున్నర లోపట ఆఫీసుల ఇయ్యాలె."

"ఏమైందయ్యా?"

"మా గంగారాం అన్న సచ్చిపోయిండు సారు. మా ఊరోడే, నా పక్క మంచమే. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు. లేపితే లెవ్వలే. గిప్పటికి పంతొమ్మిది దినాలాయె, ఆస్పత్రి ఐసుపెట్టెల వెట్టిన్రు."

అంతవరకూ ఆగింది కాగితం కోసమే. శవాన్ని ఇంటికి పంపాలా, అక్కడే దహనం చెయ్యాలా అన్నది భార్య చెప్పాలి. ఆమె మాటని అధికారమున్న ఆఫీసరు ధ్రువీకరించాలి. శవం విడుదలకి అనుమతిచ్చే అక్కడి ప్రభుత్వ ఆఫీసు నిబంధన అది. నిబంధన సబబైనదే. మల్లేశం తెచ్చిన ఫ్యాక్సు వాళ్ల ఊరి సర్పంచ్ రాసింది. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా' అని మొదలుపెట్టి, మృతుడి కుటుంబ సభ్యులందరూ అక్కడే దహనం చేయడానికి సమ్మతించినారని, ఎవరికీ ఎట్టి అభ్యంతరం లేదని ముగించాడు. కింద మృతుడి అన్న పోశెట్టి సంతకం. సర్పంచ్ ముద్ర.

రెండుసార్లు చదివాను. భార్య పేరే లేదు.

"భార్య సంతకం ఏదయ్యా?"

"ఇంటోళ్లందరు ఒప్పుకున్నరని సర్పంచ్ సాబు రాసిండు గద సారు."

"ఆవిడని అడిగారా?"

మల్లేశం నేల చూశాడు. "గా సంగతి నాకెర్కలేదు సారు. ఫోనుకు పెద్దన్ననే వచ్చిండు. ఆడిమనిషి ఇల్లు కదులుతదా గీ దినాలల్ల. పెద్దన్న మాటంటే ఇంటి మాటే, సర్పంచ్ మాటంటే ఊరి మాటే. మా దిక్కు గంతే."

"పోశెట్టికి అంత తొందరేం?"

"తొందరుండదా సారు. దినాలు ఎల్లక పాలోళ్ల ఇండ్లల్ల పదిహేను ఇండ్లు మైలల ఉన్నయి. నాట్లు వెట్టెటట్టు లేదు, దీపం వెట్టెటట్టు లేదు. నీ తమ్ముని పీనుగ ఎన్నడస్తది అని దినాం ఇంటిమీదికి వస్తున్నరట. ఆయన మాత్రం ఏం జేస్తడు."

పాలోళ్లంటే ఒకే ఇంటిపేరు వాళ్లు. చావు ఒకరిది, మైల అందరిది. పోశెట్టి చెడ్డవాడు కాడు. సర్పంచ్ కూడా చెడ్డవాడు కాడు, తలుపు తట్టినవాడికి కాగితం రాసివ్వడం ఆయనకి అలవాటు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ కథలో దుర్మార్గుడు ఎవడా అని వెతికితే నాకెవరూ దొరకడం లేదు. దొరికితే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

మల్లేశం వెనకాలే కంపెనీ మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలు నడిపించడమే అతని డ్యూటీ. గడియారం చూపించి, "భాయ్, యల్లా, త్వరగా. ఇవాళ లోపలికి పోతే సాయంత్రానికే ఖలాస్. లేకపోతే శనివారం నుంచి మళ్లీ మొదలు" అన్నాడు.

నేను తలెత్తి అట్టముక్క చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. రోల్ఫ్ పద్ధతిలో రాస్తే ఎలా ఉండాలో వాక్యం మనసులో తయారైపోయింది. సర్పంచ్: జనం ఎన్నుకున్న గ్రామ పంచాయతీ పెద్ద, ఒక కుటుంబం సమ్మతిని, భార్య సమ్మతిని ధ్రువీకరించే అధికారం ఇతనికి లేదు. అలా రాస్తే గుమాస్తా అక్కడికక్కడే తిప్పి పంపుతాడు. ఇంకో ఇరవై రోజులు ఆ మనిషి ఆ పెట్టెలో ఉంటాడు. మల్లేశం కళ్లు గుంటలు పడ్డాయి, రోజూ డ్యూటీ దిగి ఆస్పత్రికి, ఆఫీసుకి నడిచి నడిచి చిక్కిపోయాడు. ఇది దయ అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

పంచాయతీని మునిసిపాలిటీ చేశాను. సర్పంచును మేయర్ చేశాను. 'తెలియజేయునది' అన్నదాన్ని 'అధికారికంగా ధ్రువీకరిస్తున్నాను' అని మార్చాను. నలభై నిమిషాలు పట్టింది.

ఉస్తాద్ కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు. "రత్నం, మీ దేశంలో ఊరికో మేయరా?"

"ఉంటారు ఉస్తాద్."

"ఇతను సంతకం పెడితే చాలా?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఆయనే దారి చూపించాడు. నేను "చాలు" అన్నాను. ఆయన అరబ్బీ రాసి ముద్ర కొట్టాడు.

పన్నెండు ఇరవైకి కాగితం లోపలికి వెళ్లింది. గుమాస్తా మేయర్ అన్న మాట మీద వేలు పెట్టి, తలూపి సంతకం చేశాడని మల్లేశం తర్వాత చెప్పాడు. ఆ సాయంత్రమే గంగారాంని దహనం చేశారు. క్యాంపు నుంచి ఎనిమిది మంది వెళ్లారు. నిప్పు మల్లేశం పెట్టాడు. నేను జింజ్‌లో మా గదికి వెళ్లి, స్నానం చేసి, పప్పుచారు పెట్టుకుని తిన్నాను. పని పూర్తయిందన్న తృప్తి కూడా ఉంది.

పోస్టులో వచ్చింది

పదకొండు రోజుల తర్వాత మల్లేశం మళ్లీ వచ్చాడు. ఈసారి పరుగు లేదు. రిజిస్టరు పోస్టు కవరు ఒకటి నా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. క్యాంపు అడ్రసుకి వచ్చిందట. చించి చూశాడు గానీ తనకి పూర్తిగా చదవడం రాదు.

ఎమ్మార్వో ఆఫీసు కాగితం. గంగారాం భార్య రాజవ్వ, ఎమ్మార్వో ఎదుట హాజరై, వేలిముద్ర వేసి చెప్పిన మాటలు. ముత్యాల్లాంటి చేతిరాత, ఎవరో బడిపంతులు రాసినట్టుంది. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

'నా భర్త శవమును నా ఇంటికి పంపవలెను. అక్కడ దహనము చేయుటకు నేను ఒప్పుకొనుట లేదు. ఎన్ని దినములైనను నేను ఎదురుచూతును.'

తేదీ చూశాను. సర్పంచ్ ఉత్తరానికి రెండు రోజుల ముందుది. ఫ్యాక్సు చేయించే తాహతు లేక పోస్టులో వేసింది.

మల్లేశానికి చదివి వినిపించాను. ఆ తర్వాత, "గిది సుత ఇంగ్లీషుల చెయ్యాల్నా సారు?" అని అడిగాడు. వెటకారం కాదు. అతనికి నిజంగానే తెలియదు.

"అక్కర్లేదయ్యా" అన్నాను.

"నిప్పు వెట్టింది నేనే గద సారు" అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను ఏ కాగితం కోసమూ మా ఆఫీసుకి రాలేదు.

ఆ మధ్యాహ్నం నేను ఒక్క లైను కూడా టైపు చెయ్యలేకపోయాను. రోల్ఫ్ పెళ్లి కాగితానికి పన్నెండు సాయంత్రాలు కూర్చున్నాను. తెల్లవాడు, అడిగితే ప్రతి మాటకీ కారణం చెప్పేవాడు, తప్పు రాస్తే కాగితం లాగేసేవాడు. అతని దగ్గర నాకు భయముంది. నా భాషలో వచ్చిన కాగితం దగ్గర భయం లేదు. రాజవ్వ వచ్చి టైపురైటరులోంచి కాగితం లాగదని నాకు తెలుసు. ఇది వినడానికి బాగోదు, కానీ జరిగింది ఇదే.

ఆ ఊరు

మరుసటి ఏడు సెలవు దొరికింది. కాకినాడ వెళ్లేముందు కరీంనగర్‌లో దిగి, ఇంకో రెండు బస్సులు మారి ఆ ఊరు వెళ్లాను. ఎందుకెళ్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. క్షమించమని అడగడానికి అనుకున్నాను. అంటే అక్కడ కూడా నాకేదో కావాలనే వెళ్లాను.

రాజవ్వ అరుగు మీద కూర్చుని బీడీలు చేస్తోంది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకులు, తంబాకు. ఆమెకి ముప్పై ఏళ్లు దాటి ఉండవు. నేను ఎవరినో చెప్పాను. చేతులు ఆగలేదు.

"గా కాయితం కింద పేరున్నది మీదేనా సారు?"

"నాదేనమ్మా."

లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అస్థికలతోపాటు కంపెనీ వాళ్లు పంపిన కాగితాలు. అందులోంచి నా ఇంగ్లీషు కాపీ తీసి నా చేతికిచ్చింది. "చదువుండ్రి. తెలుగుల చెప్పుండ్రి. మా పంతులు సగమే చెప్పిండు."

చదివాను. నేను రాసిన ఇంగ్లీషుని మళ్లీ తెలుగులో ఆమెకి చెప్పాను. ఈ మునిసిపాలిటీ మేయరునైన నేను అధికారికంగా ధ్రువీకరిస్తున్నాను, అని. అంతకంటే కష్టమైన అనువాదం నేను జీవితంలో చెయ్యలేదు.

"మేయరంటే?"

"పెద్ద పట్నానికి పెద్ద అధికారి."

"మా ఊళ్లె గంత పెద్దోడు ఎవలున్నడు సారు."

"ఎవరూ లేరమ్మా. మీ సర్పంచే. నేనే అలా రాశాను. రాయకపోతే తీసుకోరని రాశాను. అలా రాయకపోయి ఉంటే వాళ్లు ఆగేవాళ్లు. మీ కాగితం అందేది. అది నా తప్పు."

ఆమె ఒక ఆకు తీసుకుని తంబాకు పోసి చుట్టింది. దారం కట్టింది. ఇంకొకటి చుట్టింది. తిడుతుందేమోనని ఎదురుచూశాను. తిడితే బావుండేది.

"మల్లేశం చెప్పిండు. పండుకున్నట్టే ఉండెనట మొఖం. ఏం కాలేదట."

"అవునట."

"మా బావ నన్ను అడుగలె. సర్పంచ్ అడుగలె. మీరు అడిగిన్రట గద, ఆమెను అడిగిన్రా అని. మల్లేశం చెప్పిండు." నా మొహం వైపు చూసింది. "అడిగినంక మరి ఎందుకు రాసిన్రు సారు?"

పన్నెండున్నరకి ఆఫీసు మూసేస్తారని ఆ అరుగు మీద కూర్చుని ఎలా చెప్పను.

ఆమె ఇంకో ఆకు తీసుకుంది. కాసేపటికి, "నా కాయితం ఇంగ్లీషుల రాసిన్రా?" అంది.

"లేదమ్మా. అప్పటికే అయిపోయింది."

"మా బావది రాసిన్రు. నాది రాయలె." ఇందులో కోపం లేదు. బీడీల కట్టలు లెక్కపెట్టినట్టు చెప్పింది. "మూడు దినాలు కూసున్న సారు గా ఎమ్మార్వో ఆఫీసుల. బావకు చెప్పక పోయిన. పంతులును బతిమిలాడి తోలుకపోయిన. మూడో దినం సారు వచ్చి నా ఏలుముద్ర వెట్టించుకున్నడు. నాది సుత రాయుండ్రి. గీ తీర్గనే, ముద్ర గొట్టి."

"రాస్తానమ్మా. ఎవరికి పంపమంటారు?"

"ఎవలకొద్దు. నాకే పంపుండ్రి. దీని పక్కన వెట్టుకుంట."

చివరి కాగితం

సెలవైపోయి వెళ్లగానే అదే పని పెట్టుకున్నాను. మూడు లైన్ల మాట. రెండు సాయంత్రాలు పట్టింది. ఎమ్మార్వోని ఎమ్మార్వోగానే ఉంచాను. మండలానికి రెవెన్యూ అధికారి, మనుషుల్ని తన ఎదుట హాజరుపరచుకుని వాళ్ల మాట ధ్రువీకరించే అధికారం ఉన్నవాడు, అని పక్కన రాశాను. రాజవ్వ పేరు మొదటి లైనులో పెట్టాను. 'ఎన్ని దినములైనను నేను ఎదురుచూతును' అన్నదాన్ని ఉన్నదున్నట్టు దించాను, దానికేమీ కలపలేదు.

ఉస్తాద్ బల్ల మీద పెట్టాను. చదివాడు. తేదీ చూశాడు. ఆ పేరు ఆయనకి గుర్తుంది. 

"ఇది ఏ ఆఫీసుకి, రత్నం?"

"ఏ ఆఫీసుకీ కాదు ఉస్తాద్."

స్పెల్లింగు చూడలేదు. అరబ్బీ చేశాడు, ముద్ర కొట్టి నా చేతికిచ్చాడు. ఆ రోజు నుంచి నేను ఎవరికీ ప్రమోషన్ ఇవ్వలేదు. కాగితాలు తిరిగొచ్చేవి. క్యాంపుల్లో నా పేరు తగ్గింది, వేరే సందులో ఇంకొకాయనకి పెరిగింది. దీన్ని నీతి అనుకోకు శిరీషా. ఆలస్యంగా వచ్చిన బుద్ధికి అంత పెద్ద పేరు అక్కర్లేదు.

ఇంగ్లీషుదీ అరబ్బీదీ రెండు కాపీలూ రిజిస్టరు పోస్టులో పంపాను, అందినట్టు రసీదు కూడా కోరాను. నెల తిరిగేసరికి రసీదు కార్డు వచ్చింది. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. పుచ్చుకున్నవారి సంతకం అన్న చోట ఊదారంగు వేలిముద్ర. పక్కన సాక్షి చేతిరాత: 'ఈమె నా ఎదుట వేలిముద్ర వేసినది. పోస్టుమాన్.' ఉన్న హోదా ఉన్నట్టుగా రాశాడు.